విడిచిపెట్టుట దయయేనా?

చేతికి చిక్కిన ప్రాణిని విడిచిపెట్టుట దయ యనియు, చంపుట క్రౌర్యమనియు మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఈ మాటలో సందేహమునకు తావు లేదని మేమును అరువదియేండ్లకు పైగా నమ్మియుంటిమి. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. తరువాతి జీవితము గుమాస్తా బల్లముందు గడచినది. శాస్త్రపాండిత్యము మాకు లేదు. అయినను దూరదేశమున, గడ్డకట్టిన సరస్సుపై కూర్చుండిన ఒక సాయంకాలమున ఆ నమ్మకము మా మనస్సులో కదలిపోయినది. బరంపురమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగువారి సంచికకు ఏదైన వ్రాయుమని పెద్దలు కోరగా, పండితులు వ్రాయదగిన విషయములను వారికే వదలి, మాకు కలిగిన ఈ ధర్మసందేహమునే పాఠకుల ముందుంచుచున్నాము.

మా కుమార్తె కుటుంబము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున నున్నది. పదివేల సరస్సుల నాడని దానికి పేరు. శీతకాలమున ఆ సరస్సులన్నియు పైన గడ్డకట్టును. నీరు 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మిక్కిలి బరువై అడుగునకు దిగును; అంతకంటె చల్లబడిన నీరు తేలికయై పైకి వచ్చి మంచుగా మారును. అందుచేత పైన మనుష్యులు నడచుచున్నను క్రింద చేపలు బ్రదికియే యుండును. ఈ చిన్న యేర్పాటు సృష్టిలో లేకున్న ఆ సరస్సులు అడుగంట గడ్డకట్టి, వానిలో ఒక్క ప్రాణియైనను మిగిలెడిది కాదు. తేటయైన కొత్తమంచు 4 అంగుళముల మందమైనను లేనిదే దానిపై కాలుపెట్టరాదని అక్కడివారు హెచ్చరింతురు. మేము పోయిననాడు అంతకు ఎన్నియో రెట్లు మందముండెను. మా అల్లుడు వడ్రంగి బరమాను పోలిన నిలువెత్తు సాధనముతో మంచును తొలిచి, జానెడు వెడల్పు రంధ్రము చేసి, మూరెడు కర్రతో గాలము దింపెను. తొమ్మిదేండ్ల మనుమడు మా ప్రక్కన ముక్కాలిపీటపై కూర్చుండెను.

అక్కడివారు శీతకాలమున ముఖ్యముగా కోరునవి రెండు చేపలు. ఒకటి పైక్. పొడవైన శరీరము, బాతుముక్కువంటి మూతి, నోటినిండ పండ్లు. నాచుమొక్కల నడుమ కదలక పొంచి, దగ్గరకు వచ్చిన చేపను ఒక్క దూకున మ్రింగును. మన పెద్దలు చెప్పిన మత్స్యన్యాయమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు. రెండవది వాలై. ఆ పేరు విని మన వాలుగకు చుట్టమేమో యనుకొంటిమి గాని, ఏ సంబంధమును లేదు. దాని కన్నులలో వెలుతురును తిరిగి ప్రతిఫలింపజేయు పొర యుండుటచే మసక చీకటిలోను చక్కగా చూడగలదు. అందుచేత ప్రొద్దు వ్రాలునప్పుడు మేతకు వచ్చును. 1965 నుండి అది ఆ రాష్ట్రపు అధికార మత్స్యము.

పగటివేళ ఒడ్డునకు దగ్గరగా, లోతు తక్కువచోట ఒక పైక్ చిక్కెను. అల్లుడు గాలము విప్పి రంధ్రములో వదలగానే అది తోకతో మా ముఖములపై నీరు చిమ్మి మాయమయ్యెను. పిల్లవాడు చప్పట్లు కొట్టెను. సాయంకాలము నలుబది అడుగుల లోతున్న తావునకు మారితిమి. అక్కడ ఒక చిన్న వాలై పడెను. కూరకు చాలదని దానిని కూడ విడిచిపెట్టిరి. కాని అది దిగిపోలేదు. ప్రక్కకు ఒరిగి, కడుపు ఉబ్బి, రంధ్రములోనే తేలుచు మొప్పలాడించుచుండెను.

"తాతయ్యా, వదిలేశాం కదా! ఎందుకు వెళ్లడం లేదు?" అని మనుమడు అడిగెను.

మావద్ద జవాబు లేదు. ప్రక్క గుడారములోని ముసలివాడొకడు వచ్చి చూచి, తల యూపి చెప్పినది అల్లుడు మాకు తెలుగున వివరించెను. చేపకు లోపల గాలితిత్తి యుండును. పైక్‌కు ఆ తిత్తినుండి గొంతువైపు గొట్టమున్నది. పైకి లాగబడినప్పుడు గాలిని కక్కివేయగలదు. వాలైకి ఆ గొట్టము లేదు. ముప్పది అడుగులకు మించిన లోతునుండి త్వరగా లాగినచో నీటి ఒత్తిడి తగ్గి తిత్తి పొంగును. చేప మరల దిగలేక తరచు చచ్చును. చల్లని నీటిలో గాలపుదెబ్బ తిన్న చేప వేసవికంటె బాగుగా కోలుకొనుట నిజమే. కాని గడ్డకట్టించు గాలిలో కొంతసేపు పట్టుకొన్నచో సున్నితమైన మొప్పలును, కన్నులును చెడును. ఒకే సరస్సు, ఒకే చేయి, ఒకే దయ. ఒక చేపకు అది ప్రాణదానము, మరియొకదానికి ఆలస్యముగా వచ్చు మరణము.

అయినచో చేపలు పట్టుటయే పాపమందుమా? చేపకు నొప్పి తెలియునా యని శాస్త్రజ్ఞులు నేటికిని వాదించుచున్నారు. 2003లో స్కాట్లండు నుండి వెలువడిన ఒక పరిశోధన, ట్రౌటు చేప తలయందు బాధను గ్రహించు నరములున్నవని చూపెను. తగిన కారణము లేక వెన్నెముకగల ప్రాణిని బాధింపరాదని జర్మనీదేశపు చట్టము. తినుటకు పట్టుట కారణమే గాని, విడుచు వినోదమునకై పట్టుట కారణము కాదని అక్కడ సామాన్యముగ భావింతురు. మొదట ఇది మాకు వింతగా తోచినది. చంపువాడు నిర్దోషి, విడుచువాడు దోషియా? కాని భారతమున ధర్మవ్యాధుని కథ గుర్తుకు వచ్చెను. మాంసమమ్ముకొను ఆ మిథిలానగర వాసి వద్దకే తపస్వియైన కౌశికుడు ధర్మము నేర్చుకొనుటకు పోవలసివచ్చెను. తన పని యెట్టిదో వ్యాధునికి తెలియును. దానిని మరియొక పేరుతో అతడు కప్పిపుచ్చలేదు. వినోదమునకు దయ యని పేరు పెట్టువానికంటె ఆకలికి ఆకలి యని పేరు పెట్టువాడు సత్యమునకు దగ్గర.

ఆ రాష్ట్రముననే మరియొక దృష్టాంతమున్నది. రెడ్ లేక్ అను జంట సరస్సులలో అధికభాగము ఓజిబ్వే జాతివారిది. వాలైని వారి భాషలో ఓగా యందురు. మితిమీరి పట్టుటవలన 1990ల నడుమ అక్కడ వాలై దాదాపు లేకుండపోయెను. 1997లో ఆ జాతి జాలరులు తమ వలలను తామే మాన్పుకొనిరి. 1999లో రాష్ట్రప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, సరస్సులో కోట్లకొలది చేపపిల్లలను వదలిరి. 2006లోగాని మరల గాలము దింపలేదు. వలయే జీవనాధారమైన ఇండ్లలో ఆ యేండ్లెట్లు గడచెనో ఊహించుకొనవచ్చును. మన గోపాలపురపు ఒడ్డున తెలుగు మాటలాడు జాలరులకు కూడ ఇట్టి నిగ్రహము తెలియును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపు పడవలు వేటకు పోరాదు. గాలము వేసిన పిదప చూపు దయకంటె వేయకముందు చూపు నిగ్రహము గొప్పదని మాకు తోచినది.

ఇంతవరకు చేపల మాట. ఆ రాత్రి మాకు నిద్ర రాకపోవుటకు కారణము వేరు.

మేము ఉద్యోగము చేయు దినములలో ఒక వితంతువు కుటుంబ పింఛనుకై మా బల్లవద్దకు వచ్చుచుండెను. భర్త సేవాపుస్తకమున ఒక నమోదు లేదు. ఆ కాగితము మా కార్యాలయమున మంజూరు కాదని మాకు మొదటి నెలలోనే తెలియును. కాదని చెప్పుటకు మనసొప్పలేదు. "వచ్చే వారము రండి, అమ్మా" అని మెత్తగా చెప్పి పంపుచుంటిమి. ఆమె నమస్కరించి పోవుచుండెను. మేము దయగలవారమని మాకొక తృప్తి. పదునాలుగు నెలలు ఆమె ఊరినుండి బస్సు ఛార్జీలు పెట్టుకొని తిరిగినది. మొదటనే కాదని వ్రాసి యిచ్చియున్న, పై అధికారికి అర్జీ పెట్టుకొనుటకు ఆమెకు దారి యుండెడిది. ఒకనాటినుండి ఆమె రాలేదు. ఎందుకు రాలేదో మేము విచారింపలేదు.

మంచురంధ్రములోని చేప కొంతసేపటికి ప్రక్కకు జారి మంచుక్రిందికి పోయెను. "వెళ్లిపోయింది!" అని పిల్లవాడు సంతోషించెను. కంటికి కనబడకపోవుటయు, బ్రదికిపోవుటయు ఒకటి కావని మేము వానితో అప్పుడు చెప్పలేకపోతిమి.

విడిచిపెట్టుట మాత్రమే దయ కాదు. విడిచిన పిదప ఆ ప్రాణి గతి యేమగునో ముందుగా తెలిసికొనుట దయలో మొదటి భాగము. తెలిసినదానిని దాచక చెప్పుట రెండవ భాగము. ఈ రెండును లేని మెత్తదనము మన చేతిని శుభ్రముగా ఉంచుకొనుటకే గాని ఎదుటివారికి మేలు చేయుటకు కాదు.

మరునాడు ఉదయము మనుమనికి ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. వాడు చాలసేపు మాటాడలేదు. పిదప తండ్రితో, "ఇవాళ లోతులో వద్దు నాన్నా" అనెను. అల్లుడు ఒడ్డు ప్రక్కనే మంచు తొలిచెను. ఆ దినమున మాకు ఒక్క చేపయు పడలేదు. ఎవరికిని చింత కలుగలేదు.