తితిక్షయు, తలుపు వెనుక మీటయు

మనస్సునకు నచ్చనిది యెదురైనప్పుడు మనస్సును మార్చుకొనవలెనా, ఎదురైనదానిని మార్చవలెనా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. రాజ్యనాశమును, రోగమును, మరణమును ఉదాహరణములుగా గైకొని దీనిని చర్చించుట పండితుల పరిపాటి. కాని యంత పెద్ద యుదాహరణములలో మన యశక్తియే మనకు సాకై నిలుచును. మనవలన కాదన్నంతనే చర్చ ముగిసిపోవును. అందుచేత సాకులకు తావులేని యొక చిన్న విషయమును, తలుపు వెనుక మఱుగుపడిన దీపపు మీటను, ఈ విచారమునకు గ్రహింతము.

మీట యనునది గదిలోనికి వచ్చువాని చేతికందునట్లు, ద్వారబంధమునకు గడియ వైపున, ఇంచుమించు భుజముల యెత్తున నుండదగినది. ఐనను తీగలు లాగునాటికి తలుపులు బిగింపబడి యుండకపోవుటచేతనో, వడ్రంగి రెక్కను రెండవ ప్రక్కకు బిగించుటచేతనో, ఒక గది రెండు గదులైనప్పుడు పాత బోర్డు ఉన్నచోటనే యుండిపోవుటచేతనో, అది బందుల వైపునకు చేరి, తెఱచిన రెక్క చాటున దాగును. అప్పుడు దీపము వెలిగింపగోరువాడు మొదట చీకటిలో నడుగిడి, తలుపును తిరిగి మూసి, గోడను తడవి వెదకవలసివచ్చును. వెలుతురుతో పని యడుగు వేయుటకు ముందే కదా!

ఇచ్చట పూర్వపక్షమొకటి బయలుదేరును. ఇంతటి స్వల్పమైన యిబ్బందిని సహింపలేనివాడు శీతోష్ణముల నెట్లు సహించును? గీత రెండవ యధ్యాయమున భగవానుడు అర్జునునకు తొలుతగా బోధించినవానిలో ఓర్పు ఒకటి. శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణియు, ప్రతీకారమునకు పూనుకొనక, చింతింపక, విలపింపక దుఃఖములను సహించుటయే తితిక్ష యని నిర్వచించినది. గోడ తొలిచి మీటను జరుపుట ప్రతీకారము గాక మఱియేమి? ఈ యాక్షేపము తేలికగా త్రోసివేయదగినది కాదు.

అయినను విచారించి చూడుడు. గీత పేర్కొన్న శీతోష్ణ సుఖదుఃఖములు వచ్చి పోవు స్వభావము గలవి. నిలువనివి గనుకనే వానిని ఓర్చుకొనుమని యుపదేశము. గోడకు బిగించిన మీట తనంత పోవునది కాదు. మఱియు తితిక్ష సాధకుని యంతరంగసంపదలో నొకటి. అతడు తన దుఃఖమును సహించుటకే గాని పరుల దుఃఖమును చూచుచు ఊరకుండుటకు అది చెప్పబడలేదు. వృద్ధురాలైన తల్లి రాత్రివేళ గోడ పట్టుకొని తడవుకొనుచు గడప దాటుచుండగా, కుమారుడు తాను సహించుచున్నానని తలచుట తితిక్ష యెట్లగును? ఆ సహనభారమును మోయునవి యామె మోకాళ్లు. యజమానుని చేయి కొన్నినాళ్లకు అలవాటుపడి చీకటిలోనే మీటను కనుగొనును. అలవాటులేని యతిథియు, చేయి అందని బిడ్డయు ప్రతి రాత్రియు తడబడుచునే యుందురు.

మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమున మిగుల సూక్ష్మదృష్టి గలవారు. మనుస్మృతి మూడవ యధ్యాయమున గృహస్థునకు ఐదు సూనలు, అనగా హింసాస్థానములు, చెప్పబడినవి: పొయ్యి, నూఱెడు రాయి, చీపురు, రోలు, నీటికుండ. కోపము గాని ద్వేషము గాని లేని మనుష్యుని యింటిలో, అతడెఱుగకయే, పనిముట్లవలన హింస జరుగుచుండునని వారు గుర్తించి, తద్దోషపరిహారమునకై ప్రతిదినము పంచమహాయజ్ఞములను విధించిరి. పొయ్యి లేక సంసారము సాగదు గనుక ఆ దోషమునకు ప్రాయశ్చిత్తము కావలసివచ్చినది. మీట తప్పుచోటున లేకున్నంతమాత్రమున సంసారమునకు వచ్చు లోటేమియు లేదు. నివారింపదగిన దోషమునకు నివారణమే ప్రాయశ్చిత్తము.

అయినను ఏండ్ల తరబడి దానిని మనమేల యట్లే యుంచుదుము? అది మన ప్రాప్తమనుకొందుము. యోగవాసిష్ఠమున ముముక్షువ్యవహార ప్రకరణమునందు వసిష్ఠుడు శ్రీరామునకు, దైవమనునది పూర్వము చేసిన పౌరుషముకంటె వేఱు కాదనియు, నేటి పౌరుషము దానిని జయింపగలదనియు ఉపదేశించును. గోడమీది మీటకంటె ఈ బోధకు స్పష్టమైన నిదర్శనము నాకు దోపదు. దానిని విధి యచ్చట నుంచలేదు. ఒకనాడు ఒక మనుష్యుడు బిగించెను, నేడు మఱియొకడు విప్పవచ్చును. దీనిని ప్రాప్తమనుట ఓర్పు కాదు. గీత పదునాలుగవ యధ్యాయము తమోగుణమునకు లక్షణములుగా చెప్పిన ప్రమాదాలస్యములే యవి. ఓర్పు గలవాడు బాధను స్పష్టముగా చూచుచునే చలింపకుండును. తమస్సున మునిగినవానికి బాధ కానరాకుండుటచేతనే చలనముండదు. వెలుపలికి ఇరువురును ఒక్క తీరుననే కనబడుదురు.

ఇక సౌకర్యములకు అంతమెచ్చటనని యడుగువారు కలరు. నేడు మీట, రేపు పంకా, ఎల్లుండి గోడల రంగు: ఇట్లు రజోగుణము విజృంభించు ప్రమాదము నిజముగా నున్నది. దానికి హద్దు ఇతరుల యవసరమే. ఒకని తడబాటును తొలగించిన మార్పు, ముగిసిన మఱునాడే మఱపునకు వచ్చును. ఇచ్ఛవలన బుట్టిన మార్పు మఱియొక మార్పును కోరును.

ఆ పని చేయు తీరునందును ధర్మమున్నది. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. మెయిను ఆపి, తీగలలో ప్రవాహము లేదని టెస్టరుతో చూచిన పిమ్మటనే తెలిసిన పనివాడు చేయి పెట్టవలెను. మీట ఫేజు తీగను త్రెంచవలెను గాని న్యూట్రల్ తీగను గాదు. న్యూట్రలును త్రెంచినను దీపమాఱును. కాని హోల్డరునందు విద్యుత్తు నిలిచియుండి, దీపమాఱినదని నమ్మి బల్బు మార్చువాని ప్రాణమునకు ముప్పు తెచ్చును. ఒంటిమీటను న్యూట్రల్ తీగలో నుంచరాదని 1956 నాటి భారత విద్యుత్ నియమములును శాసించినవి. తీగలను పొడిగించిన యతుకును సున్నము క్రింద పాతిపెట్టక, మూత గల పెట్టెలో నుంచవలెను. రాబోవు పనివానికి అది తెలియవలెను గదా. గోడ పూసిన తరువాత ఈ శ్రద్ధను మెచ్చుకొనువారెవ్వరు నుండరు. ఎన్నడును చూడబోని వాని క్షేమమునకై, మెప్పు నాశింపక చేయు కర్మకంటె కర్మయోగమునకు వేఱు లక్షణమేల?

కావున, తన యొక్కనికే తగులు నొప్పిని ఓర్చుకొనుట యెవరికైనను శ్లాఘ్యమే. పరులకు తగులు నొప్పిని వారి తరఫున ఓర్చుకొనుటకు ఎవ్వరికిని అధికారము లేదు. వార్ధక్యము, వియోగము, మృత్యువు మొదలైనవి ఎంత పౌరుషమునకును కదలవు. వానిముందు నిలువవలసిననాడు మన యోర్పంతయు కావలసివచ్చును. దానిని ఒక పూట పనితో కదలింపదగిన వస్తువులపై వెచ్చించి, పైగా వైరాగ్యమని పేరు పెట్టుకొనుట, ఆ మహాగుణమునకే యపచారము.