అవసరం తీరిపోవాలనే సేవ

అన్నం పెడితే పుణ్యమని వింటూ పెరిగినవాళ్లం మనం. ఆ మాటలో పెట్టేవాడికి దక్కేది ముందుంటుంది. తినేవాడి మనసు ఎక్కడో వెనకబడిపోతుంది. ఉత్తర ఇంగ్లండులోని ఒక చిన్న ఊళ్లో, చర్చి హాల్లో నడిచే ఫుడ్‌బ్యాంకుకు సాయంగా వెళ్లడం మొదలుపెట్టాక నాకిది తెలిసివచ్చింది.

బ్రిటన్‌లో ఇలాంటి ఫుడ్‌బ్యాంకులను కలిపి నడిపే పెద్ద సంస్థ ట్రస్సెల్. బల్గేరియాలోని నిరుపేద పిల్లల కోసం విరాళాలు పోగుచేస్తున్న దాని స్థాపకులు హెండర్సన్ దంపతులకు, వాళ్లుండే సాల్స్‌బరీలోనే ఒక తల్లి ఫోన్ చేసి తన పిల్లలు ఆకలితో పడుకుంటున్నారని చెప్పిందట. అలా 2000లో వాళ్ల తోటలోని షెడ్డులో తొలి ఫుడ్‌బ్యాంకు మొదలైంది. 2023-24లో ఆ సంస్థ గొడుగు కింద పంచిన ఆహారపు పార్సెళ్లు 31 లక్షలు దాటాయి. సంపన్న దేశంలో ఇంత ఆకలెందుకు? ప్రభుత్వ భృతికి దరఖాస్తు చేసుకున్నాక మొదటి డబ్బు చేతికందడానికి సాధారణంగా 5 వారాలు పడుతుంది. ముందుగా ఇచ్చేది అప్పే. తర్వాతి నెలల్లో కోసుకుంటారు. అద్దె ఆగదు, చలికాలపు గ్యాసు ఖర్చు ఆగదు. ఆగేది భోజనమే.

డాక్టరో, బడివాళ్లో, సలహా కేంద్రమో ఇచ్చిన వోచరుతో మనుషులు మా దగ్గరికి వస్తారు. మూడు రోజులకు సరిపడా పాస్తా, డబ్బా బీన్సు, సీరియల్, నిలవ ఉండే పాలు ఇస్తాం. వచ్చిన సరుకు తూచడం, గడువు తేదీ చూసి అరల్లో సర్దడం నా పని.

అసలు పని నాకు నేర్పింది అక్కడి మేనేజరు, ఒకప్పటి నర్సు. వచ్చినవాళ్లకు ముందు కుర్చీ, టీ. ఆ తర్వాతే వోచరు సంగతి. “ఇంట్లో వండుకునే వీలుందా?” అని ఆవిడ మెల్లగా అడుగుతారు. ముందే డబ్బు కట్టుకోవాల్సిన గ్యాసు మీటరులో డబ్బు లేక పొయ్యి వెలగని ఇళ్లకు, వేడినీళ్లు పోస్తే సరిపోయే సరుకులు విడిగా కట్టిస్తారు. సబ్బు, శానిటరీ ప్యాడ్లు అడగక్కర్లేకుండానే సంచిలో చేరుతాయి. అడిగించుకోకపోవడమే ఆవిడ మర్యాద. కందిపప్పు ఎలా వండాలని ఆవిడ నన్నడిగి రాసుకున్న రోజున, ఆ దేశంలో మొదటిసారి నేను పరాయివాణ్ణని అనిపించలేదు.

వ్యాను నడిపే పెద్దాయన నాతో కలిసి అట్టపెట్టెలు మడుస్తూ, ఒకప్పుడు తానూ వోచరు పట్టుకుని ఇదే హాలుకొచ్చానని చెప్పారు. ఆ గొంతులో సిగ్గు లేదు. ఇచ్చే బల్లకు అటూ ఇటూ కూర్చున్న మనిషాయన; సంచి అందించేటప్పుడు ఆయన కళ్లు ఎదుటివాళ్ల కళ్లకంటే ఎత్తున ఉండేవి కావు.

ఈ హాలుకు శాశ్వతంగా తాళం వేసే రోజు చూడాలని మేనేజరు కోరిక. ట్రస్సెల్ లక్ష్యమూ అదే: ఫుడ్‌బ్యాంకుల అవసరమే లేని దేశం. అందుకే ఎవరు ఏ కారణంతో వచ్చారో రాసిపెడతారు. ఆ లెక్కలు చూపి భృతి పెంచమని పాలకులను నిలదీస్తారు. పొద్దున పెట్టెలు మోసి సాయంత్రం ఆ కారణాలు రాసుకుంటూ కూర్చున్నప్పుడు మా మధ్య కుదిరిన స్నేహం, ఊరూ భాషా ఒకటైనంత మాత్రాన కుదిరేది కాదు.

కోనసీమలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినవాళ్లకూ వండిపెట్టారు. ఒక ఇల్లు చేయగలిగినదంతా ఆ తల్లి చేసింది. ఆమెకు నా నమస్కారం. ఆకలి ఎందుకు మిగిలిందని అడగడం ఒక్క ఇంటి పని కాదు, మనందరిదీ. పుణ్యం కోసమే పెట్టేవాడికి ఆకలిగొన్నవాడు ఎప్పటికీ ఉండాలి. ఆకలి లేని ఊళ్లో దాతకు పేరుండదు. ఆ పేరు పోగొట్టుకోవడానికి సంతోషంగా సిద్ధపడినవాడిదే దానమని ఇప్పుడు నమ్ముతున్నాను.