పదిహేడు గంటల దూరం

దూరాన్ని మనం ఇప్పుడు మైళ్ళలో కొలవడం లేదు, గంటల్లో కొలుస్తున్నాం. చూడటానికి ఇది చిన్న మార్పే. కానీ మంచిచెడ్డల విషయంలో అది మనల్ని ఎక్కడికి తెచ్చిందో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి తిన్నగా కొలిస్తే దాదాపు 14,000 కిలోమీటర్లు. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం సుమారు 20,000 మించదు. అంటే మనిషి పోగలిగినంత దూరంలో ఇది మూడింట రెండు వంతులకు పైనే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఎయిర్ ఇండియా విమానం, నడిపేవాళ్ళంతా మహిళలే కాగా, ఉత్తర ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా సుమారు 17 గంటల్లో దేవనహళ్ళిలో దిగింది.

అలాంటి లెక్కలు మా కోలారు బంగారు గనుల ఊళ్ళో చావు ఇళ్ళలోకి కూడా వచ్చాయి. పెద్దకొడుకు అమెరికాలో ఉంటే శవాన్ని ఐసు పెట్టెలో ఉంచి ఎదురుచూస్తున్నారు. పూర్వం ఓడెక్కి పోయినవాడి కోసం ఎవరూ ఆగలేదు. ఉన్నవాళ్ళు పొద్దుగూకేలోగా ఎత్తేవాళ్ళు. రావడానికి వీలు కలిగాకే ఆగాలా అన్న ప్రశ్న పుట్టింది. ఆగడమంటే పొయ్యి వెలగని ఇంట్లో ఇంకో రెండు రాత్రులు. టికెట్టు దొరకాలి, సెలవు దొరకాలి, దేవనహళ్ళిలో దిగాక ఇక్కడికి మళ్ళీ సుమారు వంద కిలోమీటర్లు రావాలి. ఇవేవీ ఆ 17 గంటల్లో లేవు.

ఆగడం తప్పని నేననను. కన్నతల్లి ముఖం కడసారి చూడాలనుకోవడం న్యాయమే. నా సందేహం వేరు.

2001లో గనులు మూతపడ్డాక మావాళ్ళు ఎంతోమంది పని కోసం రైలెక్కి రోజూ బెంగళూరు పోయి వస్తున్నారు. రానూ పోనూ నాలుగు గంటలనుకుంటే, నెలలో 25 రోజులకు 100 గంటలు. శాన్‌ఫ్రాన్సిస్కోకి దాదాపు ఆరు ప్రయాణాలంత. ఆ రైలు దిగి ఇంటికొచ్చి, తల్లికి మందులిచ్చి, ఒళ్ళు తుడిచి పడుకోబెట్టిన చిన్నకొడుకు ప్రయాణాన్ని ఎవరూ లెక్కపెట్టరు. "పాపం, అంత దూరంనుంచి వచ్చినాడు" అన్న మాట పెద్దవాడికే దక్కుతుంది.

నిజానికి ఈ సంగతి మా ఊరికి కొత్తగా చెప్పాల్సింది కాదు. చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లకు పైనే. నేల మీదైతే ముప్పావుగంట నడక. లోపల రాళ్ళు పేలి కూలినప్పుడు, కింద చిక్కుకున్నవాడికీ పైన నిలబడ్డ భార్యకూ మధ్య ఆ మూడు కిలోమీటర్లే సముద్రమంత దూరం. దూరం మైళ్ళలోనూ లేదు, గంటల్లోనూ లేదని నేర్చుకున్న ఊరిది.

అందుకే నాకు తోచేది ఒకటి. ఆగాలా వద్దా అన్నది విమానం వేళను బట్టి తేల్చే విషయం కాదు. ఇన్నాళ్ళూ దగ్గరుండి చూసినవాళ్ళను ముందు అడగాలి, "మీరు ఆగగలరా?" అని. ఆగుతామంటే అది వాళ్ళ మంచితనం, దూరాన ఉన్నవాడి హక్కు కాదు. ఆగలేమంటే, అతను వచ్చేసరికి చితి చల్లారిపోయినా, అన్యాయం జరిగిందనడానికి లేదు. దినాలకు అతనికీ చోటుంటుంది. వచ్చినవాడు ముందుగా తమ్ముడి పక్కన కూర్చోవాలి.