గోడలు లేచిన తరువాత

నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును 52 దినములలో ముగించెనని మనమందరము ఎరుగుదుము. దీనిని గూర్చి అనేక ప్రసంగములు వినియున్నాము. అయితే 7వ అధ్యాయములోని ఒక చిన్న సంగతియొద్ద మనము అంతగా నిలువము. గోడలు లేచినవి, తలుపులు నిలిచినవి. లోపల చూడగా స్థలము చాల ఉన్నది, మనుష్యులు కొద్దిమందియే, ఇండ్లును ఇంక కట్టబడలేదు.

పాత కట్టడమును బాగుచేయుట ఎవరికొరకు? రాళ్లకొరకా, వాటి మధ్య బ్రదుకువారికొరకా? పెంకులు మార్చి, సున్నము కొట్టి, తాళము వేసిన మిషను బడి మన పల్లెలో ఎవరికి మేలు? దూరదేశపు దృష్టాంతమొకటి ఇక్కడ మనకు సహాయపడును.

స్కాట్లండులో క్లైడ్ నది ఒడ్డున న్యూ లానార్క్ అను నూలుమిల్లు గ్రామము కలదు. 1785లో డేవిడ్ డేల్ అను వర్తకుడు దానిని ఆరంభించెను. ఆయన భక్తుడు, వాక్యము బోధించినవాడు. అయినను దిక్కులేని పిల్లలు ఆయన మిల్లులో ఉదయము 6 గంటలు మొదలు సాయంత్రము 7 వరకు పనిచేసిరి. ఈ సంగతి దాచిపెట్టి ఆ గోడలను పొగడుట మనకు తగదు. ఆయన అల్లుడు రాబర్ట్ ఓవెన్ పదేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుట మాన్పించి, 1816లో పాఠశాల తెరచెను.

1968లో మిల్లు మూతపడెను. కట్టడములు పాత లోహముల వ్యాపారుల చేతికి పోయి, 1983లో గాని వారి చేతినుండి విడిపింపబడలేదు. మనము ముఖ్యముగా గమనింపవలసినది వేరొకటి యున్నది. బాగుచేయు పని మిల్లుతో గాక కూలివారి ఇండ్లతో మొదలాయెను. అదియు 1963లో, మిల్లు ఇంకను నడుచుచుండగానే. 2001లో ఆ గ్రామము ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడినది. ఇప్పుడు ఒక మిల్లు హోటలుగా నున్నది. నదీజలముతో విద్యుత్తు పుట్టించుచున్నారు.

చూడవచ్చువారి సొమ్ముతో బ్రదుకు ఊరు నిజముగా ఊరేనా అని కొందరు అడుగుదురు. అది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. చూచువారు సాయంకాలమునకు వెడలిపోవుదురు. అయితే ఆ పాత ఇండ్లలో కుటుంబములు నేటికిని కాపురమున్నవి. మా మట్టుకు మాకు హోటలుకంటె అదియే గొప్పగా తోచుచున్నది.

నెహెమ్యా కాలమున పదిమందిలో ఒకడు పట్టణములో కాపురముండునట్లు చీట్లు వేసిరి. పొలము, పశువులు విడిచి పాడుపడిన పట్టణమునకు పోవుట ఎట్టిదో మన పల్లెవారికి వేరుగా చెప్పనక్కరలేదు. తమంతట తామే పోయినవారిని జనులు దీవించిరి. గోడ కట్టినవారి పేళ్లు 3వ అధ్యాయములో నున్నవి. లోపల కాపురమున్నవారి పేళ్లను 11వ అధ్యాయములో వ్రాసియుంచిరి.