తప్పు పట్టేవాళ్లున్న ఊరు

పాటగాడు ఏ ఊళ్లో ఉంటే బాగుపడతాడన్న ప్రశ్నతో నాకేం పని? అబుదాబి ముసఫ్ఫాలో ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో స్టోర్ కీపర్ని. వెల్డింగ్ రాడ్లు, బోల్టులు లెక్క చూసుకునేవాణ్ని. అయినా ఆ ప్రశ్న కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. మా యార్డులోనే జగిత్యాల వైపు కుర్రాడొకడున్నాడు. వెల్డరు. ఊళ్లో భజన మండలిలో పెరిగిన గొంతు. "అన్నా, వీసా రెన్యువల్ చేపిచ్చుకోవాల్నా, హైదరాబాద్ పోవాల్నా? ఆడ పాటలు పాడుకుంట బతుకొచ్చంటున్రు" అని అడిగాడు. ఒకరోజు వెళ్లమన్నాను, ఇంకో రోజు వద్దన్నాను. రెండుసార్లూ నమ్మే చెప్పాను. ఇబ్బందల్లా అదే.

యునెస్కో లెక్కన చూస్తే వాడికి అసలు సమస్యే లేదు. అబుదాబి 2021 నుంచి సంగీత నగరం. హైదరాబాద్‌కు 2019లో బిరుదిచ్చింది తిండికి. అంటే మావాడు ఉండాల్సిన చోటే ఉన్నాడు, హైదరాబాద్ వెళ్తే బిరియానీ తినడానికే వెళ్లాలి. అబుదాబిలో ఊద్ వాద్యం నేర్పే బైత్ అల్ ఊద్ 2008 నుంచి నడుస్తోంది, సాదియాత్ దీవిలో బర్క్‌లీ సంగీత కళాశాల వాళ్లు 2020లో కేంద్రం తెరిచారు. అవన్నీ నిజమే, మంచివే. డ్యూటీ దిగి, బస్సులో క్యాంపుకొచ్చి, వంటకు వంతు కోసం నిలబడేవాడికి సాదియాత్ ఎంత దూరమో కిలోమీటర్లలో చెబితే అర్థం కాదు.

"ప్రతిభ ఉంటే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు" అనే పెద్దమనుషులకు ఒక మాట. వెతుక్కుంటూ వచ్చినవాణ్ని మా క్యాంపు గేటు దగ్గర సెక్యూరిటీ లోపలికి రానివ్వడు. "చేతిలో ఫోనుంటే చాలు, ప్రపంచమంతా స్టేజీయే" అనేవాళ్లు ఇంకొందరు. వీళ్లకు సిద్ శ్రీరామ్ దొరికాడు. కాలిఫోర్నియాలో పెరిగినవాడు తెలుగు పాటలు పాడి ఇంత పేరు తెచ్చుకోలేదా అంటారు. తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో తల్లే కర్ణాటక సంగీతం నేర్పే గురువన్న సంగతి మాత్రం వదిలేస్తారు. మావాడు పాటల యాప్ స్మ్యూల్‌లో పాడతాడు, దుబాయ్ నుంచి, కువైట్ నుంచి, నిజామాబాద్ నుంచి 'సూపర్ అన్నా' అని వస్తాయి. అన్నీ సూపరే. వాడు జలుబుతో పాడిన రోజు కూడా సూపరే.

ఇక్కడే నాకొక ఆదివారం గుర్తొస్తుంది.

ముసఫ్ఫా షాబియాలో ఒక మిత్రుడి ఫ్లాటు. మేం కొందరం అక్కడ చేరి పాడుకుంటాం, వండుకుంటాం. ఆ వేళ మా యార్డు క్రేన్ ఆపరేటర్ని కూడా వెంటబెట్టుకెళ్లాను. తంజావూరు జిల్లా మనిషి, తండ్రి గుళ్లో డోలు వాయించేవాడట. తనకు వాయించడం రాలేదనీ, వినడం మాత్రం తప్పలేదనీ అనేవాడు. మావాడు మోహనలో ఒక భజన కీర్తన ఎత్తుకున్నాడు. అందరం చప్పట్లతో తాళం వేస్తున్నాం. ఆయన తొడ మీద వేళ్లతో లెక్క పెట్టుకుంటున్నాడు. పల్లవి రెండోసారి తిరిగేసరికి ఆ వేళ్లు ఆగిపోయాయి. పాటయ్యాక మేం ఈలలు వేశాం. ఆయన మాత్రం లేచి వెళ్లి ఏసీ ఆపేశాడు. జులైలో. ముసఫ్ఫాలో. "ఏసీ మోతకు శ్రుతి కలుపుతున్నావు తంబీ" అన్నాడు. ఫోన్లో తంబూరా పెట్టి, దాన్ని ఒక ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెట్టాడు. నాదం గది నిండా పరుచుకుంది. "ఇప్పుడు పాడు. ఆ ఒక్క లైనే."

పాడాడు. "గాంధారం దాకా పోలేదు. కిందే ఆగి జారుకుంటున్నావు. మళ్లీ." మళ్లీ పాడాడు. "ఇప్పుడు పోయావు, నిలబడలేదు. మళ్లీ." చెమటకు చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి. వంటింట్లో ఉన్నవాడు ఏసీ వేయమని కేకలు. ఎన్నోసారికో తెలీదు, ఆ గాంధారం తంబూరాలో కలిసిపోయింది. గొంతేదో, ఫోనేదో వేరుగా వినిపించలేదు. ఆయన ఏమీ అనలేదు, వేళ్లు మళ్లీ తొడ మీద కదిలాయంతే. మావాడికి మాత్రం కోపమొచ్చింది. "నా పాటకు వేలల్ల లైకులొచ్చినయ్, ఈయనెవరన్నా నాకు చెప్పనీకి" అని దారంతా సణిగాడు. పై ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారం అందరికన్నా ముందొచ్చి, ఏసీ వాడే ఆపాడు.

అప్పటినుంచి నాకు ఊళ్ల సంగతి వేరుగా కనిపిస్తోంది. ఘంటసాల విజయనగరంలో మధూకరం ఎత్తుకుని చదువుకున్నారని తెలుగువాడు పుట్టిన ప్రతివాడూ చెబుతాడు. కష్టపడ్డారు కాబట్టి పైకొచ్చారనే నీతి కూడా కలిపి చెబుతాడు. కష్టం ఎక్కడైనా దొరుకుతుంది, ముసఫ్ఫాలో కావలసినంత ఉంది. విజయనగరంలో దొరికింది వేరే. 1919లో మొదలైన ఆ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్ చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాలను దిద్దింది పట్రాయని సీతారామశాస్త్రి. మద్రాసుతో పోలిస్తే అదెంత ఊరు? అయినా అక్కడ అపస్వరం పలికితే వీధిలో పోయేవాడు కూడా తలెత్తి చూస్తాడన్న భయం ఉండి ఉండాలి. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానాదీ అదే దారి. ఒంగోలు దగ్గర కరవది మనిషి. తంజావూరు బాణీ కోసం శ్రీరంగం చేరి అక్కడే స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి ఆయన్ను వరించింది. మెచ్చుకునేవాళ్లు ఆంధ్రలో లేక వెళ్లారని నేననుకోను.

ఇంతవరకు బాగానే ఉంది. అంతలో కర్నూలు అడ్డొస్తుంది. సంగీత విద్వాంసుడు శ్రీపాద పినాకపాణి వృత్తికి డాక్టరు. వైద్య కళాశాలలో ప్రొఫెసర్ ఉద్యోగం ఆయన్ను కర్నూలు తెచ్చింది, 2013లో 99 ఏళ్ల వయసులో పోయేదాకా ఆ ఊరే. మావాడిలాగే ఆయన ఊరినీ ఉద్యోగమే నిర్ణయించింది. నేదునూరి, ఓలేటి, నూకల వంటి గాయకులు ఆయన దిద్దితే తేలినవాళ్లు. కర్నూల్లో ఆయన్నెవరు దిద్దారు? మద్రాసు విద్వాంసులను విని విని, ఆ చెవిని వెంట తెచ్చుకున్నారు. అయితే చెవి ఉన్న మనిషి ఒక్కడుంటే చాలన్నమాట, ఊరు అక్కర్లేదు. ఆ లెక్కన క్రేన్ ఆపరేటర్ ఉన్నన్నాళ్లూ ముసఫ్ఫాయే మావాడికి విజయనగరం.

ప్రాజెక్టు అయిపోయింది. క్రేన్ ఆపరేటర్ వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేశారు. లగేజీ తూకం వేసింది నేనే. ఆదివారాలు మళ్లీ సూపర్లతో నిండిపోయాయి. నగరానికీ క్యాంపుకీ తేడా బహుశా ఇదేనేమో. నగరంలో ఒక చెవి పోతే ఇంకోటి ఉంటుంది, ఇక్కడ ఒక వీసా స్టాంపుతో మొత్తం పోతుంది.

అందుకే వెళ్లమన్నాను. వెళ్లమన్న మర్నాడే హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉంటున్న మా ఊరి కుర్రాడితో మాట్లాడాను. వాడు ట్రాకులు పాడతాడు. తప్పు పాడితే ఏమంటారని అడిగాను. "ఏమీ అనరు. మళ్లీ పిలవరు, అంతే" అన్నాడు. శ్రుతి తప్పినా సాఫ్ట్‌వేర్ సర్దేస్తుందట, ఇంకోసారి పాడమని అడిగే ఓపిక ఎవరికుంటుందన్నాడు. దిద్దే మనిషే లేకపోతే హైదరాబాద్ అయితేనేం, ముసఫ్ఫా అయితేనేం? ఇక్కడైతే కనీసం నెల తిరిగేసరికి జీతం పడుతుంది, ఊళ్లో అప్పు తీరుతుంది. అందుకని వద్దన్నాను. రాంకోఠిలో త్యాగరాజ సంగీత కళాశాల ఉందిగా, అక్కడ దిద్దేవాళ్లుంటారుగా అని రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. ఇంటి దగ్గర అప్పుండగా కాలేజీలో చేరమని ఏ నోటితో చెప్పను? నా వాదన ఇంతకన్నా ముందుకు కదలదు.

వాడు రెన్యువల్ కాగితాల మీద సంతకం పెట్టాడు. రెండేళ్లు ఇక్కడే ఉంటాడు. ఇది ముసఫ్ఫాలోనో, బనియాస్‌లోనో, ఎంబీజెడ్ సిటీలోనో ఉంటున్న తెలుగువాళ్లెవరైనా చదివితే ఒక మనవి. మీరు పాడక్కర్లేదు, వీణో వయొలినో పట్టుకు రానక్కర్లేదు. గాంధారం కిందికి జారితే మీకు చురుక్కుమంటుందా? అయితే ఆదివారం సాయంత్రం షాబియా-10కు రండి. భోజనం మాదే. మొహమాటపడి బాగుందని మాత్రం అనకండి.