ముసలి ఎద్దుకు మేత బాకీయా, దయా?

వానాకాలం వరి కోతలు ముగిసేసరికి జనగామ, భూపాలపల్లి పల్లెల్లో చలి మొదలవుతుంది. పచ్చిమేత తగ్గి భారమంతా గడ్డివాము మీద పడుతుంది.

వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు మాగేస్తే బలం పెరుగుతుంది. అయినా గడ్డి చాలకపోతే పాడావుకు ముందా, దున్నలేని ఎద్దుకా?

మహబూబాబాద్ తండాల్లో లంబాడీలు ఆషాఢంలో సీత్లా భవానిని మంద క్షేమం కోసం కొలుస్తారు. ఆ మొక్కు పాడావుకే కాదు, ముసలి ఎద్దుతో సహా మందంతటికీ.

గీత మూడో అధ్యాయం పుచ్చుకుని తిరిగివ్వనివాణ్ణి దొంగంటుంది. ఆ లెక్కన ఏళ్లకేళ్లు దున్నిన ఎద్దుకు మేత బాకీయే. కానీ గడ్డి కొనలేక ఎద్దును అమ్ముకున్న కౌలురైతునూ అదే తూకంతో తూచవచ్చా? ఆ బాకీలో అతని పంట తిన్నవాళ్లకూ వాటా ఉంది.