పండుగ ఖర్చునకు కొలత

(చదువవలసిన భాగములు: నిర్గమకాండము 12:3, 4, ద్వితీయోపదేశకాండము 16:16, 17, లూకా 2:22–24)



క్రిస్మసు ఇంకను నెల దూరమున నున్నది. బట్టల దుకాణమునకు పోకమునుపే, అప్పు కొరకు ఒకరి గుమ్మము ఎక్కకమునుపే, ఒక సంగతి మీతో చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గత జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారములో, మా సంఘములోని ఒక సహోదరుని యింటికి ప్రార్థనకు వెళ్లితిని. చూరునకు కట్టిన క్రిస్మసు నక్షత్రము ఇంకను తీయలేదు. కాగితము ఒక ప్రక్క చిరిగి గాలికి కొట్టుకొనుచుండెను. ఆయనయు భార్యయు కూలిపని చేసికొనువారు. ముగ్గురు పిల్లలు. ప్రార్థన ముగిసిన తరువాత ఆయన, “అయ్యగారూ, పండుగ రెండు రోజులు, అప్పు మాత్రం ఏడాది పొడుగునా” అనెను.

మేమిద్దరమును పిల్లల నోటు పుస్తకములో లెక్క వ్రాసితిమి. అందరికిని కొత్త బట్టలు 6,000 రూపాయలు. మాంసమునకు, పిండివంటలకు 3,500. అత్తవారింటికి రాకపోకలు, పెట్టుపోతలు 2,000. గోడలకు రంగు, నక్షత్రము, దీపములు 2,000. గుడి షామియానాకు, మైకునకు చందా 1,000. టపాకాయలు 500. మొత్తము 15,000. అందులో 10,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది. నెలకు 300 రూపాయలు వడ్డీ. మరల క్రిస్మసు వచ్చునాటికి 3,600 రూపాయలు వడ్డీకే పోవును. అసలు మాత్రము కదలక కూర్చుండును. దాని మీద కొత్త పండుగ వచ్చి పడును.

ఈ లెక్క ఎంత పెద్దదో చూడుడి. భారత ప్రభుత్వము 2022–23లో జరిపిన గృహ వినియోగ సర్వే ప్రకారము, పల్లెలలో మనిషి ఒక్కరికి నెలకగు ఖర్చు సగటున 3,773 రూపాయలు. అందులో నూటికి 46 వంతులు తిండికే. ఈ సగటు చొప్పున ఐదుగురున్న యింటికి నెలకు 18,865 రూపాయలు. అనగా ఆ సహోదరుడు నెల దినముల బ్రతుకునకు పట్టు సొమ్ములో ఐదింట నాలుగు వంతులు రెండు దినములలో ఖర్చు చేసెను. సగటులో భూమి గలవారును, ఉద్యోగస్థులును కలిసియుందురు. కూలివాని యింటి లెక్క ఇంకను బరువు.

నేను మందలింపబోవుచుండగా ఆయన నన్ను ఆపి, “నాలుగేళ్ల కింద మీరు అప్పు చేసి పండుగ చేయొద్దని చెప్పారు. మీ మాట విని ఆ ఏడు చేయలేదు. ఏమైందో మీకు తెలుసు గదండీ” అనెను.

నాకు తెలియును. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

ఖర్చు పాపమా?

పండుగ ఖర్చంతయు వ్యర్థమనియు, ఆ సొమ్ము బీదల కిచ్చుట మేలనియు చెప్పుట సులభము. అయితే ఆ మాట మొదట ఎవరు పలికిరో జ్ఞాపకము చేసికొందము. బేతనియలో మరియ మిక్కిలి విలువగల అత్తరు ప్రభువు పాదములకు పూసినప్పుడు, దానిని మూడు వందల దేనారములకు అమ్మి బీదల కియ్యవచ్చును గదా యని అడిగినవాడు యూదా ఇస్కరియోతు (యోహాను 12:3–6). ఆ దినములలో కూలివానికి దినమునకు ఒక దేనారము (మత్తయి 20:2). అనగా మరియ ఒక్క సాయంకాలమున దాదాపు ఒక ఏటి కూలి ఖర్చు చేసినది. మన సహోదరుడు ఖర్చు చేసినది నెల దినముల సొమ్మే. ప్రభువు మరియను మందలింపలేదు. ఆమె పక్షముననే మాటలాడెను.

కాబట్టి ఖర్చు పెద్దదైనంత మాత్రమున పాపమని నేను చెప్పజాలను. ఏడాది పొడుగున ఎండలో వంగి పనిచేసిన తల్లి తన బిడ్డకు ఒక్క దినము కొత్త గౌను తొడిగి మురిసిపోయినచో, ఆ మురిపెమును దేవుడు తప్పు పట్టునని నేను నమ్మను. బీదవాని పండుగను లెక్కగట్టి తప్పు పట్టుట కడుపు నిండినవారికి అలవాటు. మనలో ఆ అలవాటు ఉండకూడదు.

అయితే మరియ ఖర్చునకును మన ఖర్చునకును భేదమున్నది. ఆ అత్తరు ఆమె యొద్ద దాచియుంచబడినది. వడ్డీకి తెచ్చినది కాదు. ఇరుగుపొరుగువారు చూచి మెచ్చుకొనవలెనని ఆమె పూయలేదు. మెచ్చుకొనుటకు మారుగా వారు సణిగిరి. ఆమె ఖర్చు వలన ఆ యింట ఎవరును తల వంచుకొనలేదు. ఖర్చును తూచుటకు రూపాయల సంఖ్య ఒక్కటియే చాలదు. ఆ సొమ్ము ఎక్కడనుండి వచ్చినది, ఎవరి కొరకు పోయినది, దాని వలన ఎవరు సిగ్గుపడిరి అని కూడ అడుగవలెను.

దేవుడు పెట్టిన కొలత

పండుగలను నియమించినవాడు దేవుడే. ఆయన పండుగతో కూడ కొలతను కూడ ఇచ్చెను. పస్కా దినమున ఇంటికొక గొఱ్ఱెపిల్ల అని చెప్పి ఆయన ఊరకుండలేదు. ఒక గొఱ్ఱెపిల్లను తినుటకు ఇంటివారు చాలనియెడల పొరుగువానితో కలిసి ఒక దానిని తీసికొనవలెనని చెప్పెను (నిర్గమ. 12:4). ఐగుప్తునుండి విడుదల పొందిన ఆ మహా రాత్రియందు కూడ చిన్న కుటుంబము పెద్ద కుటుంబముతో పోటీపడి ఖర్చు చేయవలెనని దేవుడు కోరలేదు. పొరుగువానితో కలిసి తినుట ఆయన దృష్టికి నామోషీ కాదు. అదియే ఆయన ఆజ్ఞ.

మూడు పండుగలకును రిక్తహస్తములతో రావద్దని చెప్పిన ధర్మశాస్త్రమే, ఎవరికి దేవుడు ఎంత దయచేసెనో వారు అంత తేవలెనని కూడ చెప్పుచున్నది (ద్వితీ. 16:16, 17). పండుగ సొమ్ము పంట వచ్చినప్పుడే ప్రత్యేకింపబడవలెను, పండుగనాడు మనస్సు కోరినది కొని ఇంటివారందరితో సంతోషింపవచ్చును, ఊరిలోని లేవీయుని మాత్రము విడువరాదు (ద్వితీ. 14:22–27). ముందు ప్రక్కకు తీయుట, తరువాత తినుట అనునదియే దేవుని వరుస. మనము ముందు తిని, తరువాత సంవత్సరమంతయు తీర్చుచున్నాము.

అన్నిటికంటె నా మనస్సును తాకునది మన ప్రభువు తలిదండ్రుల సంగతి. శిశువును దేవాలయమునకు తెచ్చినప్పుడు గొఱ్ఱెపిల్లను అర్పింపవలసియుండెను. దానికి శక్తి చాలనివారు రెండు గువ్వలను గాని రెండు పావురపు పిల్లలను గాని తేవచ్చునని ధర్మశాస్త్రము సెలవిచ్చినది (లేవీ. 12:6–8). యోసేపు మరియలు తెచ్చినది బీదల అర్పణమే (లూకా 2:24). అదియు ఎవరి కొరకు? దేవుని కుమారుని కొరకు. అప్పు చేసియైనను ఒక గొఱ్ఱెపిల్లను తెచ్చుటకు ఇంతకంటె గొప్ప కారణము ఎవరికైన నుండునా? అయినను వారు అప్పు చేయలేదు. అందరి కన్నుల యెదుట ఆ రెండు పక్షులను చేతపట్టుకొని లోపలికి నడిచిరి. ఎవరి జన్మను మనము కొనియాడుచున్నామో, ఆయన తలిదండ్రులే తమ శక్తి కొలదిని దాటలేదు. ఆయన పేరట మనమెందుకు దాటుచున్నాము?

సిగ్గు ఎక్కడనుండి వచ్చుచున్నది?

మన జనులు తిండిపోతులై అప్పు చేయుటలేదు. సిగ్గుచేత చేయుచున్నారు. వీధిలో అందరి యింటను నక్షత్రము వెలుగుచుండగా మన చూరు చీకటిగా నుండరాదని, పుట్టింటికి వచ్చిన కూతురు వట్టి చేతులతో పోరాదని, పిల్లలు పదిమందిలో చిన్నబోరాదని చేయుచున్నారు. ఈ సిగ్గును పుట్టించుటలో గుడికి కూడ పాలున్నది. నా పాలును నేను ఒప్పుకొందును.

నాలుగు సంవత్సరముల క్రిందట ఆగమనకాలములో, అప్పిచ్చినవానికి అప్పు చేసినవాడు దాసుడను సామెతను (సామెతలు 22:7) తీసికొని నేను గట్టిగా ప్రసంగించితిని. మంచి ప్రసంగమని పలువురు చేయి కలిపిరి. ఆ సహోదరుడు మాత్రము దాని ప్రకారము చేసెను. క్రిస్మసు సాయంకాలము పిల్లల కార్యక్రమమునకు నేనొక్కొక్క పేరే మైకులో పిలుచుచుంటిని. ఆయన పెద్ద కుమార్తె పేరు పిలిచితిని; రాలేదు. వాక్యము కంఠతః నేర్చుకొన్న పిల్ల. కార్యక్రమమైన తరువాత బయటికి వచ్చి చూడగా వేపచెట్టు క్రింద బడి గౌనుతో నిలుచుండెను. “ఏమమ్మా, ఎందుకు రాలేదు?” అని అడిగితిని. “కొత్త గౌను లేదు అయ్యగారూ” అనెను.

ఆ రాత్రియే, చందా యిచ్చినవారి పేర్లును మొత్తములును పెద్దవి మొదలుకొని చిన్నవాటి వరకు నేనే చదివితిని. ఆ పిల్ల తండ్రి పేరు చివర వచ్చినది.

మరుసటి ఏడు ఆయన అప్పు చేసెను. నేనేమియు చెప్పలేకపోయితిని. నా ప్రసంగమునకు లోబడిన ఒక్కని శిక్షను ఆయన బిడ్డ భరించినది. అప్పు చేయవద్దని బీదవానికి చెప్పి, అప్పు చేయకుండ తల యెత్తుకొని వచ్చుటకు గుడిలో చోటు చూపకపోయితిని. కొరింథు సంఘములో కలిగినవారు తమ భోజనము తాము తిని లేనివారిని సిగ్గుపరచినప్పుడు, వారు దేవుని సంఘమునే తృణీకరించుచున్నారని పౌలు గద్దించెను (1 కొరింథీ. 11:21, 22). ఆ గద్దింపు నాకు తగినదే.

“మా కష్టార్జితము మేము తొడుగుకొనరాదా?” అని కొందరు అడుగుదురు. తొడుగుకొనవచ్చును. తల్లి కువైటులో ఒకరి యింట పాచిపని చేసి పంపిన సొమ్ముతో బిడ్డ పట్టు పరికిణీ కట్టుకొనినచో దానిని నేను తప్పనను. అయితే తన స్వాతంత్ర్యము బలహీనునికి అడ్డమగునేమో అని పౌలు చూచుకొనెను (1 కొరింథీ. 8:9–13). మనమును అట్లే చూచుకొనవలెను. కలిగినవారు ముందుగా కొలత తగ్గించుకొనినప్పుడే లేనివానికి తగ్గించుకొనుటకు ధైర్యము కలుగును.

ఇంకొక మాట చెప్పుటకు కష్టముగా నున్నది. పండుగకు అప్పిచ్చువారిలో కొందరు మన బల్లయొద్ద పాలుపొందువారే. ఎజ్రా ధర్మశాస్త్రము చదివిన దినమున, దుఃఖపడవద్దనియు, మధురమైనవి తిని త్రాగి, ఏమియు లేనివారికి వంతులు పంపవలెననియు జనులకు ఆజ్ఞ కలిగెను (నెహెమ్యా 8:9–12). ఆ సంతోషము ఎనిమిదవ అధ్యాయములోనిది. దానికి ముందు అయిదవ అధ్యాయమున్నది. ధాన్యము కొరకు పొలములు, ఇండ్లు కుదువపెట్టి, బిడ్డలను దాసత్వమున కప్పగించిన జనుల మొర అక్కడ వినబడును. నెహెమ్యా అప్పిచ్చినవారిని పిలిచి, తీసికొన్నదానిని, నూరవ భాగముతో కూడ, మరల ఇప్పించెను (5:1–12). ఆ నూరవ భాగము నెలకు నూటికి ఒకటి అని పలువురు వ్యాఖ్యాతల అభిప్రాయము. మన యూరి ధర నూటికి మూడు! అయిదవ అధ్యాయమును దాటక ఎనిమిదవ అధ్యాయపు సంతోషమునకు చేరలేము.

మనము చేయవలసినది

మా సంఘ పెద్దలు ఈ సంవత్సరము కూర్చుండి మాటలాడుకొనిరి. వాదము జరిగినది, ఒకరిద్దరు అలిగిరి కూడ. చివరకు ఈ కొన్ని సంగతులు ఒప్పుకొనబడినవి. చందా మొత్తములు మైకులో చదువబడవు. పిల్లల కార్యక్రమమునకు అందరును, ఉపాధ్యాయుని బిడ్డలును కాపరి బిడ్డలును కూడ, ఉతికిన బడి బట్టలతోనే వత్తురు. కొత్త బట్టలు ఇష్టమైనవారు ఇంటియొద్ద తొడుగుకొందురు. క్రిస్మసు మధ్యాహ్నము గుడి ఆవరణములో ప్రేమవిందు. ఎవరికి కలిగినది వారు తెచ్చి ఒకే వంటలో వేయుదురు. ఎవరు ఎంత తెచ్చిరో వ్రాయబడదు.

పాతకాలమున మన స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడు ఒక పిడికెడు దేవుని కొరకు ప్రక్కకు తీసియుంచెడివారు. దోర్నకల్‌లో 1912 మొదలు 1945 వరకు బిషప్పుగా సేవచేసిన అజరయ్యగారు క్రైస్తవులు ఇచ్చుటను గూర్చి ప్రత్యేకముగా ఒక పుస్తకము వ్రాసిరి. మన పెద్దలు అంత శ్రద్ధతో ఆ సంగతి నేర్పిరి. పిడికెడు బియ్యములో ఒక గుణమున్నది: దాని కొరకు ఎవరును అప్పు చేయనక్కరలేదు. వచ్చే జనవరినుండి మా స్త్రీల సమాజమువారు అదే విధముగా పండుగ పెట్టె పెట్టుకొనబోవుచున్నారు. ఆ సహోదరుడు నెలకు వడ్డీ కట్టు 300 రూపాయలనే జనవరినుండి నవంబరు వరకు పెట్టెలో వేసినచో 3,300 రూపాయలగును. ఇప్పుడున్న అప్పు తీరువరకు అదియు కష్టమే. అందుచేత ఆ అప్పు తీర్చుటకు చేయి కలుపుట మన ప్రేమవిందులో ఒక భాగము కావలెను.

ఇవి చిన్న ఏర్పాటులు. వీటితో అప్పులన్నియు ఆగునని నేను చెప్పను. అలిగినవారు ఇంకను అలిగియే యున్నారు. అయితే డిసెంబరు ఇరువదియైదవ తేదీ సాయంకాలము నేను మరల పేర్లు పిలుతును. ఆ చిన్నదాని పేరును పిలుతును. ఆమె వేపచెట్టు క్రింద నిలుచునో, లోపలికి వచ్చునో, అది ఆమె తండ్రి చేతిలో లేదు. మన చేతిలో నున్నది.

ప్రార్థన: రెండు గువ్వల అర్పణమును త్రోసివేయని ప్రభువా, మా పండుగ వలన ఒకడైనను సిగ్గుపడకుండునట్లు మాకు కొలత నేర్పుము. మా యింటనున్న దానితోనే నీ యెదుట సంతోషించు మనస్సును దయచేయుము. ఆమేన్.